మూత తీసి చూస్తాను

మా గుంటూరులో ఎవరు ఎదురైనా ముందడిగేది
అన్నం తిన్నావా అనే.
జవాబు కూడా అందరిదీ ఒకటే: ఆఁ, అయింది.
తిన్నా, తినకపోయినా.
అది మర్యాద.
రాత్రి ఏడున్నరకి మగవాళ్ళ వార్డులో
ఇన్సులిన్ సీసా చేతిలో పట్టుకుని నేనూ అదే అడుగుతాను.
నాది మాత్రం మర్యాద కాదు.

పద్నాలుగో మంచం బాజీ.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళ హమాలీ.
బస్తాల ఒరిపిడికి భుజం కాయకాసింది,
ఆస్పత్రి దుప్పటికి కూడా కోరు పట్టించాడు;
పక్కమంచం వాళ్ళు తుమ్ముతారు, అతను తుమ్మడు.
"తిన్నావా బాజీ?"
"ఆఁ, అయిందమ్మా. పొడిచెయ్."
కారియర్ మూత తీసి చూస్తాను.
అన్నం గిన్నె ఆకారంలోనే గడ్డకట్టి ఉంది,
పప్పు మీద పొర.
"నోరు చేదుగా ఉందమ్మా" అంటాడు
దొరికిపోయిన పిల్లాడిలా.

చీటీలో పద్దెనిమిది యూనిట్లని ఉంది.
చీటీకి కారియర్ కనపడదు.
డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేస్తాను,
తినలేదు సార్, ఏం చెయ్యమంటారు?
అటునుంచి ఆవులింత, ఆపైన కాస్త విసుగు,
"ఎంతో కొంత తిననివ్వండి. తిన్నాక పది ఇవ్వండి."
ఆ విసుగు నాకు అలవాటే.

అలవాటు కానిది వేరే ఉంది.
ఉద్యోగంలో చేరిన ఏడు, మే నెల,
ఆడవాళ్ళ వార్డు, కరెంటు పోయిన రాత్రి.
నాంచారమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.
ఈ ఊరి ఎండాకాలంలో చెమట ఎవరికి పట్టదు
అనుకుని దాటిపోయాను.
తిరిగొచ్చేసరికి నన్ను వాళ్ళక్క పేరు పెట్టి పిలుస్తోంది,
ఎప్పుడో చచ్చిన గేదె తాడు తెంపుకుందని ఏడుస్తోంది.
బతికింది.
ఆ రాత్రి మీటరు చూపించిన ముప్పై నాలుగు
బస్సు నంబరుగా ఎదురొచ్చినా
నేను ఆ బస్సెక్కను.

అప్పట్నుంచి చెమటని కళ్ళతో చూడను,
చెయ్యి తిప్పి వేళ్ళ వెనకవైపు ఆనిస్తాను.
ఉక్కకి పట్టిన చెమట వెచ్చన.
ఇది కొత్తకుండ మీది తడి.

రాత్రి మూడు. ఇది ఎవరూ రాయని గంట.
బాజీ మెలకువగానే ఉన్నాడు,
"మనిషిని పడుకోనివ్వరా!" అని కసిరాడు.
ఎవర్నీ పన్నెత్తి మాట అనని మనిషి.
కోపం కూడా ఒక గుర్తే అని పుస్తకంలో ఉంది కాని
కసిరించుకున్నాకే నమ్మకం కుదురుతుంది.
వేలికొన చుక్క: అరవై ఒకటి.
గ్లాసులో మూడు చెంచాల పంచదార కలిపాను.
"షుగరోడికి పంచదారా? ఏందమ్మా, చంపుతావా?"
మేలుకున్నవాళ్ళు నవ్వారు.
తాగమన్నాను. తాగాడు.

పావుగంట స్టూలు మీద కూర్చున్నాను.
ఫ్యాను టకటక. ఎక్కడో మార్కెట్టుకి లారీ.
ఆ పావుగంటలో నేనేమీ చెయ్యలేదు,
అతని పెదవుల వణుకు తగ్గడం చూశాను, అంతే.
నూట ఆరు. పైన రెండు బిస్కెట్లు.

పొద్దున వాళ్ళావిడ హుసేన్ బీ వస్తే
తువ్వాలు కొంగున పంచదార పొట్లం ముడేసిచ్చాను.
"బస్తా ఎత్తేముందు కడుపు తడుముకోమను.
తినని పూట మాత్రలు మింగనివ్వకు, వచ్చి అడుగు."
ఆమె ముడిని రెండోసారి బిగించింది.

డ్యూటీ మారే సిస్టర్ అడిగింది, రాత్రి ఏమైనా విశేషాలా?
ఏం లేవన్నాను.
రిజిస్టర్లో పోయినవాళ్ళకి గడి ఉంది,
జరగనిదానికి లేదు.

ఆ సాయంత్రం నేను నోరు తెరవకముందే
బాజీ కారియర్ గిన్నె బోర్లించి చూపించాడు.
ఖాళీ. అడుగున మూడు మెతుకులు.
శభాష్ అన్నాను.
అయినా ఒకసారి వంగి
మంచం కింద పిల్లి ఉందేమో చూశాను.